రెండు దొంతరలు, ఒకే వరుస: జాన్ వాన్ న్యూమన్ జీవితం

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కబురు పెట్టినప్పుడు, ఒక మహనీయుని జీవితం వ్రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, ఆయన కథలోకి వెళ్ళాలంటే ముందు నా పొరపాటొకటి చెప్పుకోక తప్పదని. కనుక పాఠకమిత్రులు మన్నించాలి. కథ ఆయనది, సంజాయిషీ నాది.

నేను ఆఖరి సంవత్సరం చదివే రోజుల్లో మేం ముగ్గురం కలిసి ఒక ప్రాజెక్టు చేశాం. ఏ రోజు చేసిన పని ఆ రోజే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో వ్రాసి, ఆనాటి తేదీనే ఫైలుకు పేరుగా పెట్టి, ముగ్గురం ఒకే ఫోల్డరులో దాచుకునేవాళ్ళం. లోపల మొదటి వరుసలో వ్రాసినవాడి పొడి అక్షరాలుండేవి. తేదీ మాత్రం పేరులోనే ఉంది కదా అని లోపల మళ్ళీ వ్రాసేవాళ్ళం కాదు. అలా నూటపాతిక దాకా ఫైళ్ళు పోగయ్యాయి. రేపు సమర్పించాలనగా వాటన్నిటినీ తేదీల వారీగా కలిపి ఒక్కటి చేసే పని నా మీద పడింది.

చేత్తో చేస్తే తెల్లవారిపోతుంది. నాలుగు వరుసల బ్యాచ్ ఫైలు ఒకటి వ్రాశాను. ఫోల్డరులోని ఫైళ్ళ జాబితాను తేదీ క్రమంలో తీయమని డిర్ అనే ఆజ్ఞకు చెప్పాను. జాబితాలో వచ్చిన ఒక్కొక్క ఫైలునూ టైప్ అనే ఆజ్ఞతో చదివి, పెద్ద ఫైలు చివర అతికించుకుంటూ పొమ్మన్నాను. రెప్పపాటులో పని పూర్తయింది. నా తెలివికి నేనే మురిసిపోయి హాయిగా పడుకున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఆజ్ఞకు తేదీ అంటే మనం పేరులో వ్రాసుకున్న తేదీ కాదు. ఆ ఫైలును చివరిసారిగా ఎప్పుడు మార్చి భద్రపరిచామో, ఆ సమయం. మా ముగ్గురిలో ఒక మిత్రుడికి శ్రద్ధ ఎక్కువ. ముందు రోజు రాత్రి కూర్చుని తన ఫైళ్ళన్నీ తెరిచి, అక్షరదోషాలు దిద్ది, మళ్ళీ భద్రపరిచాడు. దాంతో అతని రెండున్నర నెలల పనీ ఒక్క రాత్రి చేసినదై పోయి, మూకుమ్మడిగా నివేదిక చివరికి వెళ్ళి పడింది. మా ప్రాజెక్టులో ఒక చిక్కుండేది. నెలరోజులు మా బుర్రలు తిన్న ఆ చిక్కును ఫిబ్రవరి 12న విడదీసింది అతడే. అతడు హాస్టలు వరండాలో వివరిస్తే విని, 14వ తేదీన నేనూ నా ఫైలులో వ్రాసుకున్నాను. కలిపిన నివేదికలో తేదీలు రాలిపోయాయి. నాది ముందు వచ్చింది, అతనిది ఎక్కడో వెనకబడింది.

మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఆ పేజీ తీసి నన్ను మెచ్చుకున్నారు. ఏం జరిగిందో ఆ క్షణంలోనే నాకు తెలిసింది. మిత్రుడు నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

చాలా ఏళ్ళకు, నేనే నలుగురికి పాఠం చెప్పే స్థితికి వచ్చాక, వరుసలో ఉన్న రెండు దొంతరలను కలిపి ఒకే వరుస చేయడం ఎలక్ట్రానిక్ యంత్రానికి మొట్టమొదట నేర్పినవాడెవడా అని వెతికాను. జాన్ వాన్ న్యూమన్ పేరు దొరికింది. ఆ పేరు వెంట నా కథే, నాకంటే వెయ్యి రెట్లు పెద్దదై, కనిపించింది.

ఆయన 1903 డిసెంబరు 28న హంగరీ రాజధాని బుడాపెస్టులో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యానోష్. సంపన్నులైన యూదు కుటుంబం. తండ్రి మిక్షా న్యాయశాస్త్రం చదివి బ్యాంకు నడిపేవాడు. 1913లో ఆయనకు చక్రవర్తి ప్రభువంశపు హోదా ఇచ్చాడు. పేరు మధ్యలోని వాన్ అలా వచ్చిందే. ముగ్గురు అన్నదమ్ములలో యానోష్ పెద్దవాడు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఆరేళ్ళ ప్రాయంలోనే ఎనిమిదంకెల సంఖ్యలను నోటితో భాగించేవాడని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. తండ్రి ఎవరిదో గ్రంథాలయం మొత్తంగా కొని ఒక గదినిండా సర్దించాడు. అందులో నలభైకి పైగా సంపుటాల ప్రపంచ చరిత్ర ఒకటుంది. కుర్రాడు దాన్ని ఒక్కొక్క సంపుటమే తీసి చదువుతూ పోయాడు. చదివింది మరచిపోవడమన్నది లేదు. పెద్దయ్యాక కూడా ఎప్పుడో చదివిన నవల మొదటి అధ్యాయాన్ని అడిగిందే తడవుగా అప్పగించేవాడని ఆయన సహచరుడు గోల్డ్‌స్టైన్ వ్రాశాడు.

లూథరన్ ఉన్నత పాఠశాలలో చేర్చారు. అదే బడిలో ఒక తరగతి ముందు యూజీన్ విగ్నర్ ఉండేవాడు. తరువాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన విగ్నరే అతడు. లాస్లో రాట్స్ అనే లెక్కల మాస్టారు ఈ కుర్రాడి సంగతి కనిపెట్టి, తండ్రి దగ్గరకు వెళ్ళి, వీడికి బడి లెక్కలు చాలవు, విశ్వవిద్యాలయం ఆచార్యులతో ప్రత్యేకంగా చెప్పించండని సలహా ఇచ్చాడు. గురువంటే అలా ఉండాలి. తనకు చేతనైనంత చెప్పి, ఆపైన చెప్పగలవాడి దగ్గరకు పంపగలగాలి.

కాలం మాత్రం మంచిది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన హంగరీలో 1919లో కొన్ని నెలలు కమ్యూనిస్టు ప్రభుత్వం సాగింది. బ్యాంకరు కుటుంబం గనుక వాళ్ళు ఆస్ట్రియాకు తరలిపోయి, అది కూలాక తిరిగివచ్చారు. 1920లో విశ్వవిద్యాలయాలలో యూదుల సంఖ్యకు కట్టడి విధిస్తూ చట్టం వచ్చింది. గణితంతో పొట్ట గడవదని తండ్రి బెంగ. కొడుకు రెండు చదువులూ ఒకేసారి చదివాడు. తండ్రి కోసం మొదట బెర్లినులో, తరువాత జ్యూరిక్‌లో రసాయన ఇంజనీరింగు, తన కోసం బుడాపెస్టులో గణితం. బుడాపెస్టులో పాఠాలకు హాజరయ్యేవాడు కాడు, పరీక్షలకు మాత్రం వెళ్ళి వ్రాసి వచ్చేవాడు. హాజరు చాలక కండొనేషన్ కట్టే మన మిత్రులు దీన్ని ఆదర్శంగా తీసుకోరాదని మనవి. 1926లో అటు ఇంజనీరింగు పట్టా, ఇటు గణితంలో డాక్టరేటు. ఆనాటికి ఇరవై మూడేళ్ళు నిండలేదు.

ఆ పైన గొట్టింగెన్‌లో హిల్బర్ట్ వద్ద పరిశోధన చేశాడు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. 1928లో ఇద్దరాడే ఆటలలో ఎవరెంత జాగ్రత్తపడవచ్చునో తేల్చే సిద్ధాంతాన్ని నిరూపించాడు. 1932లో క్వాంటం యాంత్రికశాస్త్రానికి గణిత పునాదులు వేస్తూ గ్రంథం ప్రకటించాడు. 1944లో ఆస్కార్ మోర్గన్‌స్టెర్న్‌తో కలిసి వ్రాసిన ఆటల సిద్ధాంత గ్రంథం మన అర్థశాస్త్ర విభాగం వారికి పరిచయమైనదే.

1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు వెళ్ళాడు. 1933లో అక్కడి ఉన్నత అధ్యయన సంస్థ మొదటి ఆచార్యులలో ఒకడయ్యాడు, వారందరిలో చిన్నవాడు. ఐన్‌స్టీన్ ఆయనకు సహోద్యోగి. అదే సంవత్సరం జర్మనీలో హిట్లరు గద్దెనెక్కాడు. ఐరోపాలో మిగిలిన యూదు పండితులకు ఏ గతి పట్టిందో తెలిసినవారికి, ఆ ప్రయాణం ఆయనకు ఎంత అవసరానికి వచ్చిందో చెప్పనక్కరలేదు. 1937లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. మొదటి భార్య మారియెట్‌తో ఆ ఏడే విడాకులయ్యాయి. వారికి మెరీనా అని ఒక్కతే కూతురు. 1938లో బుడాపెస్టుకే చెందిన క్లారాను పెళ్ళాడాడు.

మనిషి ముభావి అనుకునేరు. విందులన్నా ఛలోక్తులన్నా ప్రాణం. ఎప్పుడూ బ్యాంకు అధికారిలా సూటు వేసుకునేవాడు. ఇంట్లో గోల ఉంటే తప్ప పని సాగేది కాదు. కారు నడపడంలో మాత్రం పరమ అధ్వాన్నం. ఏదో ఆలోచిస్తూ నడిపి బళ్ళను గుద్దడం పరిపాటి.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1943 నుంచి లాస్ అలమోస్‌లో అణుబాంబు పనికి సలహాదారుడయ్యాడు. ప్లుటోనియం గోళాన్ని చుట్టూ పేలుడుతో ఒక్కసారిగా లోపలికి నొక్కివేసే విధానంలో ఆయన లెక్కలు కీలకమైనాయి. 1945లో బాంబు ఏ నగరాల మీద వేయాలో చర్చించిన సంఘంలో ఆయనా సభ్యుడే. మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు ఇటువంటి పేజీలను కిందకు తోసేయడం మనకు అలవాటు. తేదీల వరుస ముఖ్యమని చెప్పబోయే వ్యాసంలో నేను ఆ పని చేయలేను.

బాంబు లెక్కలు చేతి యంత్రాలతో తెమిలేవి కావు. 1944 వేసవిలో అబర్డీన్ రైల్వేస్టేషనులో బండి కోసం ఎదురుచూస్తుండగా హెర్మన్ గోల్డ్‌స్టైన్ అనే యువ సైనికాధికారి తనంత తానే వచ్చి పలకరించాడు. మాటల్లో, ఫిలడెల్ఫియాలో తాము ఒక ఎలక్ట్రానిక్ యంత్రం కడుతున్నామని చెప్పాడు. అదే ఎనియాక్. పదిహేడు వేలకు పైగా వాల్వులతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మూర్ స్కూలులో తయారవుతున్న మహాకాయం. దాన్ని కట్టేవారు జె. ప్రెస్పర్ ఎకర్ట్, జాన్ మాచ్‌లీ. వేగంలో దానికి సాటి లేదు. కానీ ఒక లెక్క నుంచి మరో లెక్కకు మారాలంటే మీటలు మార్చి, తీగలు పీకి మళ్ళీ గుచ్చాలి. దానికే రోజులు పట్టేది.

ఇందుకు విరుగుడుగా రెండో యంత్రం, ఎడ్వాక్, ఆలోచనలో ఉంది. లెక్కకు కావలసిన సంఖ్యలతోపాటు, ఏం చేయాలో చెప్పే ఆజ్ఞలను కూడా యంత్రపు జ్ఞాపకంలోనే ఉంచాలన్నది దాని మూలసూత్రం. నేడు మన బల్లల మీది ప్రతి కంప్యూటరూ దీన్నే పాటిస్తుంది. ఈ ఊహ ఎవరిదన్నదే తగవు. 1944 జనవరిలోనే ఎకర్ట్, తిరిగే లోహపు చక్రాల మీద సంఖ్యలనూ నియంత్రణ సంకేతాలనూ భద్రపరిచే యంత్రం గురించి ఒక పత్రం వ్రాసి పెట్టుకున్నాడు. పాదరసపు గొట్టాలలో సంఖ్యలను నిలిపి ఉంచే ఉపాయం కూడా ఆయనదే. వాన్ న్యూమన్ వచ్చి చేరింది ఆ ఏడు వేసవి తరువాత. అయితే వచ్చాక ఆయన ఊరకున్నాడా? వాల్వులూ తీగల గొడవంతా పక్కకు నెట్టి, ఆ యంత్రపు తార్కిక స్వరూపాన్ని, అంటే ఏ భాగం ఏం చేయాలి, ఆజ్ఞ ఎలా ఉండాలి అన్నదాన్ని, ఎవరూ చెప్పనంత స్పష్టంగా చెప్పాడు.

ఆ స్వరూపం సరిగ్గా ఉందా లేదా అని పరీక్షించడానికి ఆయన ఎంచుకున్న మొదటి పని వినండి. బాంబు లెక్క కాదు, గ్రహగతి కాదు. చిందరవందరగా ఉన్న జాబితాను వరుసలో పెట్టడం!

ఎందుకంటే, ఆనాటికి పెద్ద కార్యాలయాలలో చిల్లులు పొడిచిన కార్డులను వరుసపెట్టడానికీ, రెండు కట్టలను కలపడానికీ ఐ.బి.ఎం. వారి ప్రత్యేక యంత్రాలుండేవి. వాటికి అదే పని. లెక్కల కోసం పుట్టిన యంత్రం, కేవలం ఆజ్ఞలు మార్చినంత మాత్రాన, వాటి పనిలో వాటికి దీటుగా నిలిస్తే అది ఏ పనికైనా పనికివస్తుందన్నమాటే. 1945లో ఆయన సిరాతో 23 పేజీలలో ఆ ప్రోగ్రాము వ్రాశాడు. కట్టని యంత్రానికి కాగితం మీద వ్రాసిన ప్రోగ్రాము అది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనాల్డ్ నూత్ 1970లో ఆ వ్రాతప్రతిని పరిశీలించి వివరంగా వ్యాసం ప్రచురించాడు. మొదటి పేజీ పైన పెన్సిలుతో అతిరహస్యమని వ్రాసి చెరిపివేసిన జాడలు కూడా ఉన్నాయట.

పద్ధతి మన డ్రిల్లు మైదానంలో చూపించవచ్చు. ఎత్తు వారీగా నిలబడ్డ రెండు వరుసలున్నాయనుకోండి. వాటిని కలిపి ఒకే వరుస చేయాలి. అందరినీ అందరితో కొలవనక్కరలేదు. రెండు వరుసల ముందున్న ఇద్దరినే చూడండి. పొట్టివాణ్ణి తీసి కొత్త వరుసలో నిలపండి. మళ్ళీ ముందుకొచ్చిన ఇద్దరినే చూడండి. ఒక వరుస ఖాళీ అయ్యాక రెండోదాన్ని ఉన్నదున్నట్టు వెనక చేర్చండి. అంతే. మరి మొదట వరుసలే లేకపోతే? ఒక్కొక్కడూ ఒక వరుసే అనుకోండి. ఒంటరులను కలిపి జంటలు, జంటలను కలిపి నలుగురేసి, ఆ తరువాత ఎనిమిదేసి. వెయ్యిమందికి పది విడతలు చాలు. ప్రతివాణ్ణీ ప్రతివాడితో పోల్చితే 4,99,500 పోలికలవుతాయి. ఇలా చేస్తే పదివేలు కూడా కావు.

ఇందులో రెండు షరతులున్నాయి. కలపబోయే వరుసలు ముందే క్రమంలో ఉండాలి. లేకపోతే యంత్రం అభ్యంతరం చెప్పదు, తప్పు వరుసను నిబ్బరంగా చేతికిస్తుంది. రెండోది, ఆయన ప్రోగ్రాములో ప్రతి కట్టకూ మొదటి సంఖ్య తాళంచెవి. మిగిలిన సంఖ్యలన్నీ సామాను లాగా దాని వెంట నడుస్తాయి. యంత్రం తాళంచెవినే చూస్తుంది, సామాను విప్పి చూడదు. కనుక దేన్ని తాళంచెవిగా ఇస్తున్నామో అది మనం చూసుకోవలసిన సంగతి. నా బ్యాచ్ ఫైలుకు నేను వ్రాసిన తేదీకి బదులు భద్రపరిచిన తేదీని ఇచ్చాను. అది చెప్పినట్టే చేసింది.

ఇక ఆయన కథలో తేదీల సంగతికి వద్దాం. ఆ ఎడ్వాక్ చర్చలన్నిటినీ క్రోడీకరించి ఆయన ఒక చిత్తుప్రతి వ్రాశాడు. చాలాభాగం లాస్ అలమోస్‌కు రైలు ప్రయాణాలలో వ్రాసిందే. చేతివ్రాత కాగితాలు టపాలో పంపితే, గోల్డ్‌స్టైన్ టైపు చేయించి 101 పేజీల నివేదికగా 1945 జూన్ 30 తేదీతో విడుదల చేశాడు. మొదట ప్రాజెక్టు వారికి, తరువాత అమెరికా, ఇంగ్లండులలోని మరికొందరికి ప్రతులు వెళ్ళాయి. అట్టమీద ఉన్నది ఒక్కటే పేరు, జాన్ వాన్ న్యూమన్. ఎకర్ట్ పేరు లేదు, మాచ్‌లీ పేరు లేదు. లోపల తరువాత నింపుకోవడానికి విడిచిన ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి.

అట్టమీద ఆ పేరు వేసింది గోల్డ్‌స్టైన్. వాన్ న్యూమన్ దృష్టిలో అది లోపలివారి కోసం వ్రాసిన చిత్తు మాత్రమే. ఇది న్యాయంగా ఒప్పుకోవాలి. కానీ లోకం దాన్ని గ్రంథంగానే చదివింది. ఆ అమరికకు ఆయన పేరే స్థిరపడింది. సవరించిన ప్రతిని, అందరి పేర్లతో, ఆయన ఎన్నడూ వెలువరించలేదు. ఇక్కడే నాకు మా మౌఖిక పరీక్ష గది గుర్తుకొచ్చింది. తప్పు చేసింది యంత్రమా, టైపు చేయించినవాడా అన్నది ఒక ప్రశ్న. తెలిశాక మనం ఏం చేశామన్నది వేరే ప్రశ్న.

ఆ ఒక్క తేదీ ఎంత దూరం వెళ్ళిందో చూడండి. అమెరికా చట్టం ప్రకారం, ఒక ఊహ ప్రచురితమై ఏడాది దాటితే దానికి పేటెంటు చెల్లదు. ఎడ్వాక్ నివేదిక పంపిణీ అయిన తీరు ప్రచురణ కిందికే వస్తుందని 1947లో సైన్యం న్యాయవాదులు తేల్చారు. ఎకర్ట్, మాచ్‌లీలు ఎనియాక్ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది 1947 జూన్ 26న. పేటెంటు చేతికొచ్చింది 1964లో. తగవు న్యాయస్థానానికెక్కి, 1973 అక్టోబరు 19న న్యాయమూర్తి లార్సన్ దాన్ని కొట్టివేశాడు. జాన్ అటనాసాఫ్ అనే మరో శాస్త్రజ్ఞుని పూర్వకృషి ఒక కారణం, 1945 నాటి ఆ నివేదిక కూడా ఒక కారణం. కాగితాలను తేదీల వారీగా పేర్చడం గుమాస్తా పని అని తీసిపారేసేవాళ్ళు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

రెండో పక్క కూడా చెప్పాలి. యంత్రం ఎవరి సొత్తూ కాకూడదు, అందరికీ అందుబాటులో ఉండాలని వాన్ న్యూమన్ పట్టుదల. ప్రిన్స్‌టన్‌లో 1946లో సొంత యంత్రం మొదలుపెట్టి, దాని వివరాలన్నీ దాపరికం లేకుండా ఊరూరా పంపాడు. గోల్డ్‌స్టైన్‌తో కలిసి 1947, 48లలో మూడు సంపుటాలుగా వెలువరించిన నివేదికలలో దొంతరలు కలపడం, వరుసపెట్టడం గురించి విపులంగా వ్రాశాడు. ఆ యంత్రం 1952 జూన్‌లో లాంఛనంగా ప్రారంభమైంది. జ్ఞాపకం 1,024 పదాలు, పదానికి 40 బిట్లు. నేడు మన జేబులోని ఫోనులో ఒక చిన్న బొమ్మకు కూడా అది చాలదు. దాని మీదే వాతావరణం లెక్కలూ నడిచాయి, హైడ్రోజన్ బాంబు లెక్కలూ నడిచాయి. ఆ నమూనాను చూసి ఇల్లియాక్, మానియాక్, జానియాక్ వంటివి పుట్టుకొచ్చాయి. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో మనవాళ్ళు కట్టి 1960లో పనిలోకి దించిన టిఫ్రాక్ కూడా 40 బిట్ల పదంతో ఆ కుటుంబపు పోలికలే పుణికిపుచ్చుకుంది. దాచుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా?

పేర్ల విషయంలో ఇంకొక మాట. ఎనియాక్‌కు ప్రోగ్రాములు కూర్చినవారు ఆరుగురు యువతులు. వారిలో బెట్టీ హోల్బర్టన్ 1951లో యూనివాక్ యంత్రం కోసం, వరుసపెట్టి కలిపే ప్రోగ్రాములను తనంత తానే తయారుచేసే ప్రోగ్రామును వ్రాసింది. క్లారా కూడా ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుని, 1948లో ఎనియాక్ మీద నడిచిన పెద్ద లెక్కలకు తానే ఆజ్ఞలు కూర్చింది. ఇవాళ ఎవరమైనా రెండు ఫైళ్ళు కలిపితే, ఆ పనిలో వీళ్ళ చేయి కూడా ఉన్నట్టే.

1955లో వాన్ న్యూమన్ అమెరికా అణుశక్తి సంఘంలో సభ్యుడయ్యాడు. ఆ వేసవిలో భుజం నొప్పి మొదలైంది. చూస్తే క్యాన్సరు. 1956 వచ్చేసరికి చక్రాల కుర్చీ. వాషింగ్టన్‌లోని సైనిక ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు మత్తులో రహస్యాలు నోరు జారుతాడేమోనని గది దగ్గర కాపలా. దేనినీ మరవని ఆ మెదడు తనకు దక్కకుండా పోతున్నదని ఆయనకు తెలుస్తూనే ఉంది. చిన్న చిన్న కూడికలు, ఏడూ నాలుగూ ఎంత వంటివి, అడగమని కూతుర్ని కోరేవాడట. ఆమె కాసేపు అడిగి, తట్టుకోలేక బయటికి వెళ్ళిపోయేదట. ఆరేళ్ళప్పుడు ఎనిమిదంకెల భాగహారాలు చేసిన మనిషి! 1957 ఫిబ్రవరి 8న కన్నుమూశాడు. ఆనాటికి 53 ఏళ్ళు. కంప్యూటరునూ మెదడునూ పోల్చి ఆయన వ్రాస్తూ ముగించలేకపోయిన చిన్న పుస్తకం, క్లారా ముందుమాటతో 1958లో వచ్చింది.

ఇదీ ఆయన జీవితం. ఇందులో మనకు అబ్బనిది మేధ. అబ్బేది ఒక జాగ్రత్త. వరుసలో పెట్టడం యంత్రం చేస్తుంది, ఏ వరుస సత్యమో మనం చెప్పాలి. అందుకని నా విద్యార్థులకు కొన్ని సంగతులు ఇప్పుడు మరీ మరీ చెబుతుంటాను. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, ఆపైన రోజు పెట్టండి, నెలకూ రోజుకూ రెండేసి అంకెలు వేయండి. రోజు ముందు పెడితే పేర్ల వరుసలో మార్చి 1 వచ్చి ఫిబ్రవరి 12 కంటే ముందు కూర్చుంటుంది. జాబితాను భద్రపరిచిన తేదీతో తీయకండి, పేరుతో తీయండి. అతికించే ముందు ప్రతి ఫైలు పేరునూ ఒక వరుసగా వ్రాయించండి, వ్రాసినవారెవరో ఏనాడో చెరిగిపోదు. ఒక ఫైలు ఆఖరి వరుసకు ముగింపు లేకపోతే తరువాతి ఫైలు మొదటి మాట దానికి అంటుకుంటుంది, మధ్యలో ఖాళీ వరుస వేయించండి. కలిపిన ఫైలును వేరే ఫోల్డరులో పెట్టండి. లేకపోతే రెండోసారి నడిపినప్పుడు నిన్నటి ఫలితం కూడా ముడిసరుకులో కలిసిపోతుంది. చివరగా, మీ కళ్ళతో ఒకసారి చదవండి. ఈ ఆఖరిది ఆనాడు నేను చేసి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చేది కాదు.

కిందటేడు నా మిత్రుడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. నవ్వాడు. ఎప్పుడో మరచిపోయానన్నాడు. కానీ కాసేపాగి, అది ఫిబ్రవరి 12, ఆ రోజు మెస్సులో నీళ్ళ చారు పోశారని గుర్తుచేశాడు. సంచికలో తన పేరు వేయవద్దన్నాడు, అందుకే వేయలేదు.

ఆ నూటపాతిక ఫైళ్ళూ ఇంకా నా దగ్గరున్నాయి. మొన్న ఒక ఆదివారం కూర్చుని వాటి పేర్లన్నీ సరిచేసి, కొత్తగా బ్యాచ్ ఫైలు వ్రాసి నడిపాను. ఇప్పుడు 12వ తేదీ ముందు వచ్చింది, 14వ తేదీ తరువాత వచ్చింది. అచ్చు తీసి, బైండు చేయించి, ఒక ప్రతి అతనికి రిజిస్టరు పోస్టులో పంపించాను.